ఈ చోటికి, ఈ వేళకి

గాలివానకు మా దీవి నుంచి ఓడ కదలని రోజునే, అవతలి ఒడ్డున కోర్టులో టార్క్విల్ కేసు విచారణకు వచ్చింది. ఫింగల్ గారి పడవల కొట్టానికి అతను నిప్పు పెట్టడం చూసింది నేనొక్కదాన్నే. సాక్షి రాలేదు కనుక ప్రభుత్వ వకీలు లేచి ఏదో లాటిన్ మాట చెప్పాడట. ముందే అక్కడికి చేరుకున్న టార్క్విల్‌ను వదిలేశారు.

ఆ వకీలు ఆఫీసు నుంచి ఒకావిడ నాకు ఫోన్ చేసింది.

"ప్రో లోకో ఎట్ టెంపోరె. అంటే ఈ చోటికి, ఈ వేళకి మాత్రమే వదిలేశామని. కేసు పోలేదమ్మా. మళ్ళీ పెడతాం, నువ్వు రావాలి. అందాకా ఎవరితోనూ అనకు."

ఓడ మళ్ళీ నడిచిన సాయంత్రం టార్క్విల్ తాడుకు గుచ్చిన చేపలతో నేరుగా మా వంటింట్లోకి వచ్చాడు. మా దీవిలో ఎవరూ తలుపు తట్టరు.

"ఏరా, జైలు కూడు పడలేదా, అప్పుడే తిరిగొచ్చావ్?" అంది నాయనమ్మ నవ్వకుండా.

"నీ చేతి రొట్టె మీద బెంగతో వచ్చేశా పెద్దమ్మా."

"పొగిడితే రొట్టెలు రాలవు. కూర్చో."

ఇంటికొచ్చినవాడికి, వాడెవడైనా సరే, టీ ఇవ్వకుండా పంపడం ఆమెకు చేతకాదు. పొయ్యి ఆరిపోతోందని పెరట్లోకి బొగ్గుమట్టి గడ్డల కోసం వెళ్ళింది.

"పిల్లా, బళ్ళో లాటిన్ చెప్తారటగా మీకు? కోర్టులో నా గురించి ఒకటన్నారు. ప్రో లోకో ఎట్ టెంపోరె. ఏంటది?"

నేను కప్పుల వైపే చూస్తూ, "పూర్తిగా కొట్టేశారని," అన్నాను.

"ఇక మళ్ళీ రాదా?"

"రాదు."

అతను టీలో పంచదార వేసుకుని చాలాసేపు కలిపాడు.

"మా వకీలు కోర్టు మెట్ల మీదే అర్థం చెప్పాడులే. నీకు తెలీకపోతే తెలీదనేదానివి. తెలిసి దాచావు. అంటే, సాక్ష్యానికి పిలిస్తే వెళ్తావన్న మాట."

నాయనమ్మ గంపతో లోపలికి వచ్చింది. అతను లేచి టోపీ పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఈసారి ఓడ నడవకపోయినా దిగులు పడకు. నీ మనవరాలిని నా పడవలో నేనే తీసుకెళ్తా."

అతను వెళ్ళాక నాయనమ్మ గంప దించకుండానే తలుపు దగ్గరికి నడిచింది. పైనుంచి కిందికి తడిమింది. తాతయ్య కట్టిన ఆ ఇంట్లో ఏ తలుపుకూ గడియ లేదు.