ప్రభువు చేతి రొట్టెలు

మారిగో పిండిముద్దను తొట్టి గోడకేసి ఒక్క మొత్తు మొత్తి, మళ్ళీ మడత పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఆ కొండ ఊరి బేకరీలో ఆమె పని అదే. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే అంగుళం దిగిపోయింది. మోచేతుల దాకా పొయ్యి కాల్చిన మచ్చలు. ఈ మధ్యాహ్నం బస్సుకి వోలోస్ పట్నంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది, ఇక తిరిగిరాదు. వెళ్ళేలోగా ఒక్క మాట వినాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో, ఆ సంగతి పైకి చెప్పాలంటే అంత సిగ్గుగా ఉంది.

ఆ మాట చర్చి పెద్ద ప్రొకోపిస్ నోట రావాలి. ఏటా పునీత పరస్కేవి పండుగకి పంచే ఐదు పెద్ద రొట్టెలూ మారిగో చేసినవే. వాటిని బుట్టలో పట్టుకెళ్ళి, మూడు రోజులు ఉపవాసముండి తానే చేశానని చెప్పుకునేది మాత్రం ఆయన. ఎలా చేశావని ఎవరైనా అడిగితే కళ్ళు పైకెత్తేవాడు. "నాదేముంది తల్లీ, అంతా ప్రభువు చేయి." ప్రభువునే అడ్డం పెట్టాక ఇంకెవరు నోరెత్తుతారు? మొదటి ఏడాది మారిగో నవ్వి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది.

ఈసారి పండుగనాడు పొద్దున్నే, కొత్తగా వచ్చిన ఫాదర్ సోటిరిస్ నలుగురు ఆడవాళ్ళతో, ప్రొకోపిస్‌ను వెంటబెట్టుకుని బేకరీకి వచ్చాడు.

"వీళ్ళకీ ఆ రొట్టెల పని చూపించండి, ప్రొకోపిస్ గారూ."

"చూపిస్తే గర్వమవుతుంది ఫాదర్. పాపం."

"ఆ పాపం నేను మోస్తాను. మీరు చేతులు కడుక్కోండి."

ప్రొకోపిస్ తొట్టిలో పిండి పోశాడు, నీళ్ళు పోశాడు. చర్చిలో దీవించిన తులసి కట్ట మొత్తం తుంచి అందులో కలిపాడు. ఆ ఊళ్ళో రొట్టెను పొంగించేది కూజాలోని పులిసిన పిండి. తులసి దానిమీద దీవెనకి పెట్టే రెమ్మ. కూజా అలాగే అలమరలో ఉండిపోయింది.

"పులిసిన పిండి వెయ్యవా?" అంది ఆ నలుగురిలో ఒకామె గరుఫాలియా, మాంసం కొట్టు నడిపే ఆయన భార్య.

"విశ్వాసముంటే తులసి చాలు. పునీతురాలు నన్ను పరీక్షిస్తోంది."

"పరీక్షకి చదివి రాలేదల్లే ఉందే."

పిండి ఆయన మోచేతులకి, గడ్డానికి అంటుకుంది. మారిగో నవ్వాపుకోలేక గోధుమ బస్తా మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుని లేచింది, ఆకులు ఏరేసింది, కూజా తెచ్చి కలిపింది. ఆయన మణికట్టు పట్టుకుని పిసకడం చూపించింది. "అరచేతి మొదలుతో నొక్కు. తొందరపడకు."

మొదటిసారి ప్రొకోపిస్ కళ్ళు పైకి లేవలేదు. ఆమె చేతుల మీదే ఉన్నాయి.

"నేను కాదు ఫాదర్. ఒక్క ఏడాది కూడా నేను చెయ్యలేదు. అన్నీ మారిగో చేసింది."

"ఆ సంగతి మీ ఇంటి పిల్లికీ తెలుసు," అంది గరుఫాలియా. "నీ నోట రావాలని చూస్తున్నాం."

మారిగోకి ఒళ్ళంతా తేలికైపోయింది. ఎంత సంతోషం! పాడాలనిపించింది గానీ, "పిసకడం ఆపకు, గట్టిపడుతుంది," అంది.

రొట్టెలు పొయ్యిలోంచి తీసేసరికి బస్సు హారన్ కొట్టింది. అందరూ నవ్వుతూ మారిగోను సాగనంపారు.

సాయంత్రం చర్చిలో ఐదు రొట్టెల పక్కన, రొట్టెలు చేసినవాళ్ళని దీవించేటప్పుడు ఫాదర్ పైకి చదవాల్సిన పేర్ల చీటీ పెట్టి ఉంది. ప్రొకోపిస్ వంకర రాతలో అందులో మారిగో పేరొక్కటే ఉంది, అంచుకి ఎండిన పిండి అంటుకుని.