చిక్కబడిన రక్తం

మద్రాసు చెన్నైగా మారిన ఏడాది అది. సౌకార్‌పేటలో ఎండుమిర్చి టోకు వ్యాపారి వెంకట్రామ్‌కు నలభై నిండకముందే గడ్డం పెరగడం మానేసింది. ఒంట్లో సత్తువ లేదు. భార్య సింధూరి పక్కన పడుకోవాలంటేనే దిగులు. మెదడు కింది గ్రంథి సరిగా పనిచేయక పురుష హార్మోను తగ్గిపోయిందని డాక్టర్ గోవిందసామి పరీక్షల్లో తేల్చాడు. మూడు వారాలకొక టెస్టోస్టెరాన్ సూది రాసి, మధ్యమధ్య రక్తపరీక్ష తప్పదన్నాడు.

కొన్ని నెలల్లో వెంకట్రామ్ మళ్లీ మనిషయ్యాడు. కాని మూడో వారం వచ్చేసరికి నీరసం కమ్మేది. పాత రోజులు తిరిగొస్తాయేమోనని వణికిపోయేవాడు. వ్యాసర్పాడిలో, అడిగితే చాలు సూది వేసే క్లినిక్ ఒకటి దొరికింది. డాక్టరుకు చెప్పకుండా అక్కడ వారం వారం వేయించుకున్నాడు. రక్తపరీక్ష మానేశాడు. ముఖం ఎర్రబడి తల బరువెక్కితే అదీ బలమే అనుకున్నాడు.

ఒక ఉదయం కొట్లో ఫోన్లో మాట్లాడుతుండగా ఉన్నట్టుండి నాలుక తిరగలేదు. కుడిచేతిలోంచి రిసీవరు జారిపోయింది. కాసేపటికి మాట వచ్చింది, భయం మాత్రం పోలేదు. చెబితే సూది ఆపేస్తారు. చెప్పకపోతే?

మధ్యాహ్నం అతను అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తకపోవడం సింధూరి చూసింది.

"ఏమైందండీ? మొహం అట్ట కందిపోయుండాదే!"

"ఏం లేదు."

"నా దగ్గర దాచొద్దు. మిమ్మల్ని చూస్తా ఉంటే నాకు కాళ్లూచేతులూ ఆడటంలా."

అతను ఏడుస్తూ అంతా చెప్పేశాడు. ఆమె అప్పటికప్పుడు ఆటో పిలిచింది.

పరీక్ష చేయించిన గోవిందసామి ముఖం బిగుసుకుంది. "సూదులు ఎక్కువై రక్తం బాగా చిక్కబడింది. పొద్దున వచ్చింది పక్షవాతమే, నిలవకుండా పోయింది."

"ఇంక సూది వెయ్యరా సార్? మళ్లా అట్టే అయిపోతానా?"

"మీకు ఆ మందు కావాల్సిందే. ఎక్కువైతేనే ప్రాణం మీదికొస్తుంది. నీరసమొస్తే నాకు చెప్పాలి, మోతాదు నేను సర్దుతా."

చిక్కదనం తగ్గడానికి ఆసుపత్రిలో కొంత రక్తం తీసేశారు. సూది ఆపారు. ఆ రోజుల్లో చెయ్యి తిమ్మిరెక్కితే చాలు, వెంకట్రామ్ "సింధూరీ" అని పలికి చూసుకునేవాడు. "ఈడే ఉండాను," అనేదామె.

రక్తం మామూలయ్యాక డాక్టరు మోతాదు తగ్గించి, సూదికీ సూదికీ మధ్య రోజుల ఎడం కూడా తగ్గించాడు. నీరసపు ఎత్తుపల్లాలు చాలావరకు పోయాయి. ప్రతి రక్తపరీక్షకూ ఇద్దరూ కలిసే వెళ్లారు. ఫలితం బాగుందని డాక్టరు చెప్పేదాకా వెంకట్రామ్ ఆమె చెయ్యి వదిలేవాడు కాదు.