మడమ కింది టైరు ముక్క

చెప్పులు విప్పి సీటు కిందికి తోసి, దేవదానం వట్టి కాళ్లతో కారెక్కాడు. స్టీరింగు మీద చేతులుంచి అర నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. నంద్యాలలోని ఆ మిషన్ ఆసుపత్రి అంబాసిడర్‌ను పద్దెనిమిదేళ్లుగా ఇలాగే కదిలిస్తున్నాడు. మనిషి పొట్టి, బక్కపలచన. కుడి పాదం మాత్రం ఆ ఒంటికి అమరనంత వెడల్పు. మడమ యాక్సిలేటర్‌కు అందదని, పాత టైరు ముక్క ఒకటి కోసి ఆ పెడల్ మీద తీగతో బిగించుకున్నాడు.

వెనక సీట్లో, కడుపు కోసి కుట్లు వేసిన జానకమ్మ ఆళ్లగడ్డకు ఇంటికి పోతోంది. ముందు సీట్లో సుబ్బరాయుడు. కోయిలకుంట్ల శనగ చేలల్లో పదిహేనేళ్లు ట్రాక్టరు తోలిన మనిషి. ఎల్లుండితో దేవదానం ఉద్యోగం ముగుస్తుంది. ఈలోగా సుబ్బరాయుడికి పని పట్టుబడకపోతే కారు అమ్మేసి రోగులను బాడుగ జీపుల్లో పంపుతామని డాక్టరమ్మ చెప్పేసింది. బాడుగ జీపుల పేరెత్తితేనే దేవదానానికి ఒళ్లు మంట. ఆ తోలేవాళ్లకు రోగి అయినా, శనగ మూట అయినా ఒకటే.

ఊరు దాటాక ఎద్దుల బండ్లు అడ్డం వచ్చాయి. కుడి కాలి వేళ్లు బ్రేకు మీద మెల్లగా వాలాయి. ఎడమ కాలు క్లచ్ తొక్కి వదిలేసరికి గేరు న్యూట్రల్‌కు వచ్చింది. వేళ్లు బ్రేకు మీదే ఉండగా మడమ పక్కకు ఒరిగి టైరు ముక్కను ఒక్కసారి నొక్కింది. ఇంజను చిన్నగా గుర్రుమంది. మళ్లీ క్లచ్, కుదుపు లేకుండా కింది గేరు. జానకమ్మ కునుకు చెదరలేదు.

సుబ్బరాయుడికి రానిదల్లా అదే. ట్రాక్టరు మీద డీజిలు చేతి లీవరుతో ఇస్తారు, బ్రేకును అరికాలంతా మోపి తొక్కుతారు. మడమకు వేరే పని ఉంటుందని అతని కాలికి ఎన్నడూ తెలియదు.

"మడమ మాట వినల్యా అన్నా," అన్నాడు దిగులుగా.

"వింటాది. నాది వినేకి రెండేండ్లు పట్టె."

ఎందుకంత పట్టుదలో దేవదానం ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన రెండో ఏడు, పురిటి నొప్పులు పడుతున్న భార్య కృపమ్మను తాను తోలే లారీలోనే ఇదే దారిన నంద్యాలకు తెచ్చాడు. గేరు మార్చినప్పుడల్లా ఆమె అరిచింది. బిడ్డ చనిపోయి పుట్టాడు. కుదుపులకూ దానికీ సంబంధం లేదని డాక్టరు నచ్చజెప్పాడు. దేవదానం నమ్మలేదు. కృపమ్మ తాను పోయేదాకా ఆ మాట ఎత్తనే లేదు. ఎత్తి తిట్టినా బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆళ్లగడ్డలో జానకమ్మను మంచం దాకా నడిపించి, ఇద్దరూ టీ తాగారు. దేవదానానికి ఎడమ భుజం లాగుతోంది. చెమట పట్టింది. ఎండదెబ్బ అనుకున్నాడు. తాళంచెవి సుబ్బరాయుడి చేతిలో పెట్టి, వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు.

"నేను రోగినప్పా. నిద్ర లేచినానంటే నువ్వు తప్పినట్టే."

మొదటి కల్వర్టు దగ్గర కారు ఎగిరిపడింది. "లేచినా," అన్నాడు దేవదానం. గొర్రెల మంద అడ్డం వచ్చినప్పుడు మళ్లీ కుదుపు. "లేచినా." ఈసారి గొంతు కాస్త నీరసంగా వచ్చింది.

శిరివెళ్ల దగ్గర ఎదురుగా బస్సు ఆగింది. దేవదానం కళ్లు మూసుకునే విన్నాడు. క్లచ్ ఒకసారి. ఇంజను చిన్నగా గుర్రుమంది, సరిగ్గా మడమ ఒరగవలసిన చోట. క్లచ్ రెండోసారి. కారు దానంతటదే నెమ్మదించినట్టు నెమ్మదించింది. సీటు మీద అతని తల కదలలేదు. గుండెల్లో బరువు ఉంది, కానీ ఇరవై ఏళ్లుగా గేరు మారినప్పుడల్లా వినబడే అరుపు మాత్రం లేదు. బాగుందని చెబుదామనుకున్నాడు. చెబితే లేచినట్టు అవుతుందని ఊరుకున్నాడు.

అక్కడి నుంచి నంద్యాల దాకా సుబ్బరాయుడు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆసుపత్రి షెడ్డులో కారు ఆపి, నవ్వు ఆపుకుంటూ కాసేపు కదలకుండా కూర్చున్నాడు. గురువు నిద్ర చెడగొట్టడానికి మనసొప్పలేదు. చివరికి వెనక్కి తిరిగి, "అన్నా, లేయి, వచ్చేసినాం," అన్నాడు. మళ్లీ పిలిచాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

గుండె ఆగిందని డాక్టరమ్మ చెప్పింది. కుదుపుల వల్లనా అని సుబ్బరాయుడు అడిగాడు. కాదంది. అతను ఆ మాట నమ్మాడు. శిరివెళ్ల తర్వాత కుదుపు లేదని అతని మడమకు తెలుసు.

మూడో రోజు పొద్దున అతను చెప్పులు విప్పి కారెక్కాడు. కాలు చాపబోయి ఆగి, వంగి చూశాడు. యాక్సిలేటర్ మీది టైరు ముక్క ఒక పక్కకు నున్నగా అరిగి, మధ్యలో వెడల్పాటి మడమ పట్టేంత గుంట పడి ఉంది.