ఆర్ద్ర మసకబారిన వారం

వినుకొండ హైస్కూల్లో సైన్సు చెప్పే ఏసోబుకి నాలుగేళ్ళుగా ఆర్ద్ర నక్షత్రం మీదే ధ్యాస. దాని వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చీకటి పడగానే డాబా ఎక్కేవాడు. టెలిస్కోపుకి బిగించిన మీటరుతో ముందు గొల్లకావిడి మూడు చుక్కల కిందున్న తెల్లచుక్కనీ, తర్వాత ఆర్ద్రనీ కొలిచి, సూది ఎక్కడ ఆగిందో పైకి చదివేవాడు. భార్య ఎలీసమ్మ లాగరిథమ్ పట్టిక చూసి లెక్క కట్టేది. అంకె పెరిగితే చుక్క మసకబారినట్టు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో ఎలీసమ్మ తమ్ముడు యేసుపాదం గుంటూరు నుంచి సైంటిఫిక్ కాలిక్యులేటర్ తెచ్చిచ్చాడు. "ఇక పట్టికతో పనిలేదక్కా. ఈ బటన్ నొక్కు, చాలు" అని చూపించి వెళ్ళాడు.

ఎప్పుడూ అర దగ్గరుండే ఆర్ద్ర అంకె ఆ వారమంతా ఒకటి దగ్గరే వచ్చింది. ఉత్త కంటికి మాత్రం చుక్క ఎప్పటిలాగే ఎర్రగా వెలుగుతోంది.

ఏసోబుకి అన్నం సహించలేదు. వాళ్ళ నాన్నకి యాభై దాటకుండానే చూపు పోయింది.

"సూది కింద గీతలు నాకు సరిగ్గా ఆనటం లేదనుకుంటా" అన్నాడు చివరికి ఒక రాత్రి డాబా మీద. "కళ్ళాల్లో మిరపకాయల ఘాటుకి కళ్ళు మండుతున్నాయనుకున్నాను. నాన్నకీ ఇట్టాగే మొదలైంది. రేపు గుంటూరెళ్ళి చూపించుకుంటా."

ఎలీసమ్మ కిందికెళ్ళి పాత పట్టిక తెచ్చింది.

"ఇందాకటి రెండు అంకెలూ మళ్ళీ చెప్పండి."

"తెల్లచుక్క అరవై. ఆర్ద్ర నలభై రెండు."

పట్టికతో కడితే అర వచ్చింది. కాలిక్యులేటర్‌తో కడితే మళ్ళీ ఒకటే.

"వందకి లాగరిథమ్ రెండు కదండీ?" అంటూ వంద కొట్టి, తమ్ముడు చూపించిన బటనే నొక్కింది. నాలుగున్నర దాటి చూపించింది.

ఏసోబు కాలిక్యులేటర్ తీసుకుని టార్చి వెలుగులో చూశాడు. "ఇది ఎల్.ఎన్. బటనే. లాగరిథమే గానీ వేరే రకం. మనక్కావలసింది పక్కది."

"బియ్యపు గింజంత లేవు ఆ అక్షరాలు. చదివారుగా" అంది ఎలీసమ్మ.

ఏసోబు పిట్టగోడ మీద కూర్చుని చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"మా తమ్ముణ్ణి ఏమీ అనకండి."

"ఏమంటాను. వాడొస్తే కోడిని కోయిస్తా."

పక్క బటన్‌తో వారం లెక్కలన్నీ మళ్ళీ కట్టారు. అన్నీ అర దగ్గరే వచ్చాయి. మెట్లు దిగుతూ ఏసోబు అడిగాడు, "ఆకలేస్తోంది. ఏం వండావు?"