పులి ఏట పుట్టిన పిల్ల

కార్టూన్ చూసి మనిషి కొయ్యబారిపోవడం ఎక్కడైనా విన్నారా? అమెరికాలో, అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో జరిగింది. శనివారం మధ్యాహ్నం, పట్టపగలు, ఇంట్లో నలుగురూ ఉండగా, శ్రీవిద్య మిరపకాయ బజ్జీల ప్లేటు చేత్తో పట్టుకుని టీవీ ముందు నిలుచున్నది నిలుచున్నట్టే బిగుసుకుపోయింది. టీవీలో ఉన్నది దెయ్యం కాదు, భూతం కాదు. బుగ్గన దిష్టిచుక్క పెట్టుకున్న ఒక పసిపాప బోసినవ్వు నవ్వుతోంది. అంతే.

సంగతి మొదటి నుంచీ చెప్పుకోవాలి. శ్రీవిద్య పుట్టింది మలేషియాలో. తాతల నాడు విశాఖపట్నం నుంచి ఓడెక్కి వెళ్లిన కుటుంబాలు వాళ్లవి. తండ్రి వీరభద్రం పామాయిల్ తోటల ఆఫీసులో గుమాస్తా. వాళ్లున్నది నది ఒడ్డున ఒక మలాయి పల్లె. ఇటు మలాయి వాళ్లు, అటు కొట్టు పెట్టుకున్న చైనా వాళ్లు, మధ్యలో నాలుగు తెలుగిళ్లు. శ్రీవిద్యకి ఐదేళ్లున్నప్పుడు ఆ ఊరు వదిలేసి అనకాపల్లి వచ్చేశారు. ఆమెకి గుర్తున్నదల్లా నది, చెక్కమెట్లు, ఎవరో కుర్రాడు సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిప్పడం.

శ్రీవిద్య ముఖం కాస్త వేరుగా ఉంటుంది. పచ్చని ఛాయ, చిన్న కళ్లు, చదును ముక్కు. అనకాపల్లి బళ్లో చైనా బొమ్మ అని ఏడిపించేవాళ్లు. ఏడుస్తూ ఇంటికొస్తే తల్లి రాజేశ్వరమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మా అమ్మమ్మ రంగం మనిషే, బర్మావాళ్ల పిల్ల, నీకు ఆవిడ పోలికే వచ్చింది అనేది. ఉత్తరాంధ్రలో రంగూన్‌ని రంగం అంటారు, అక్కడికి వెళ్లిరాని వంశం లేదు, కాబట్టి ఎవరూ మారుమాట అడగలేదు. ఆ రంగం ముత్తవ్వ అంటే శ్రీవిద్యకి ఎంత గర్వమంటే, కూతురు రిషితకి స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్ట్ ఇస్తే పైకొమ్మ మీద ఆవిడని కూర్చోబెట్టి పక్కన పగోడా కూడా వేయించింది.

ఈమధ్య ఆఫీసులో ఒక మలేషియా అమ్మాయి ఒక కార్టూన్ సిరీస్ గురించి చెప్పింది. మలాయి పల్లెలో పిల్లల చిన్నతనం, అన్ని జాతులవాళ్లూ కలిసిమెలిసి, చాలా బాగుంటుందంది. తీసిన ఆయన పేరు ఫిర్దౌస్. ఇంటర్వ్యూలో ఆయన చెప్పిన ఊరి పేరు విని శ్రీవిద్య కుర్చీలోంచి లేచి నిలబడింది. అది తన ఊరే. తెలుగు గుమాస్తా గారి అమ్మాయినని మెసేజ్ పెట్టింది. సైకిల్ కడ్డీ మీద తిప్పింది తనేనని ఆయన జవాబిచ్చాడు. నువ్వూ మీ అమ్మానాన్నా ఇందులో ఉన్నారు, ఇంటిల్లిపాదీ కలిసి చూడండి అన్నాడు.

ఇంకేముంది, ఆవిడ కాలు నేల మీద ఆగలేదు. స్నేహితురాలు భవితనీ, ఆమె కూతురు దియనీ పిలిచింది. భర్త శశికాంత్ చేత సౌండ్ బార్ సరిచేయించింది. రాజేశ్వరమ్మ మాత్రం ఆ పూట మొండికేసింది. బొమ్మలు చూసే వయసా నాది, పాత గొడవలెందుకే అంటూ పూజగదిలోకి నడిచింది. భర్త పోయాక కూతురి దగ్గరే ఉంటున్న మనిషి, ఎప్పుడూ ఏ మాటకీ ఎదురు చెప్పదు. ఆరోజే ఎందుకలా అంటోందో ఆలోచించే ఓపిక శ్రీవిద్యకి ఉంటేగా. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి రిక్లైనర్‌లో కూలేసింది.

మొదటి రెండు ఎపిసోడ్లూ పండగే. సైకిల్ గంట వాయిస్తూ వీరభద్రం కనిపించాడు. ముక్కుకి రెండు వైపులా పుడకలు పెట్టుకున్న రాజేశ్వరమ్మ కనిపించింది. తాత సో స్కిన్నీ అని రిషిత పడి పడి నవ్వింది. పక్కింటి మలాయి ముసలామె అరిటాకులో కొబ్బరన్నం పొట్లం కట్టి ఇస్తుంటే రాజేశ్వరమ్మ కూడా ఆమె పేరు గొణుక్కుని కళ్లు తుడుచుకుంది.

మూడో ఎపిసోడ్ గుమాస్తా గారి పాప ఎలా వచ్చిందన్న కథ. శ్రీవిద్య బజ్జీలు తెస్తూ నిలబడి చూసింది. చైనా కొట్టు ఆవిడకి నాలుగో ఆడపిల్ల పుట్టింది. వాళ్ల లెక్కలో అది పులి సంవత్సరం. పులి ఏట పుట్టిన పిల్ల ఇంట్లో ఉంటే తండ్రికి గండమని జోస్యుడు చెప్పాడు. కొట్టు ఆవిడ బిడ్డని బుట్టలో పడుకోబెట్టుకుని పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. మలాయి ముసలామె మధ్యవర్తిగా నిలబడింది. చేతులు చాచి బుట్ట అందుకున్నది రెండు ముక్కుపుడకల తెలుగావిడ. అందుకోగానే చేసిన మొదటి పని, వేలితో కాటుక తీసి పాప బుగ్గన దిష్టిచుక్క పెట్టడం. ముగ్గురు ఆడవాళ్లూ కలిసి జోలపాట పాడారు. ఊరి పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

టీవీలో చప్పట్లు. గదిలో బజ్జీల ప్లేటు పట్టుకుని శ్రీవిద్య అక్కడే బిగుసుకుపోయింది.

రిషిత పదేళ్ల పిల్ల, దానికి లౌక్యం ఏం తెలుసు. "అమ్మా, దట్స్ యూ కదా? ఆ షాప్ ఆంటీ నిన్ను అమ్మమ్మకి ఇచ్చేసిందా?" అని అడిగింది.

శశికాంత్ గబగబా అందుకుని, అదంతా స్టోరీ కోసం కల్పిస్తార్రా అన్నాడు. అంటూనే ఒక్కసారి భార్య ముఖం వంక చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు చాలు శ్రీవిద్యకి. భవితకి ఉన్నట్టుండి దియ కుమాన్ లెక్కల క్లాస్ గుర్తొచ్చింది. శనివారం పూట కుమాన్ ఏమిటో ఆ దేవుడికే తెలియాలి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కూతుర్ని లాక్కుపోయింది.

శ్రీవిద్య తల్లి వైపు తిరిగింది. రిక్లైనర్ ఖాళీగా ఉంది.

పైన గదిలో రాజేశ్వరమ్మ మంచం మీద సూట్‌కేసు తెరిచి చీరలు సర్దుకుంటోంది. మడతలు నీటుగా పెడుతోంది. అది చూసేసరికి ఇంక అడగాల్సిందేమీ మిగల్లేదు. అయినా శ్రీవిద్య అడిగింది. కొండంత ప్రశ్న పక్కన పెట్టి గులకరాయి పట్టుకుంది.

"రంగం ముత్తవ్వ కూడా అబద్ధమేనా?"

"అబద్ధమే. అలాటి మనిషి పుట్టనేలేదు" అంది రాజేశ్వరమ్మ తలెత్తకుండా. "నాకు టికెట్ బుక్ చెయ్యమను. అనకాపల్లి వెళ్లిపోతాను. నీకింక నాతో ఏటి పని?"

శ్రీవిద్య గోడకి చేరగిలబడింది. ముప్పై తొమ్మిదేళ్లు. ఈవిడ ముక్కు నాకు రాలేదని, ఈవిడ జుట్టు నాకు రాలేదని అద్దం ముందు ఎన్నిసార్లు అనుకుందో. పుట్టనే పుట్టని ఒక ముసలిదాన్ని తలుచుకుని అన్నిసార్లూ సరిపెట్టుకుంది. కోపం రావాలి, రావడం లేదు.

రాజేశ్వరమ్మ చీరలు సర్దుతూనే చెప్పుకొచ్చింది. రెండుసార్లు కడుపొచ్చి పోయిందట. ఇంక పిల్లలు పుట్టరన్నారట. ఆ దేశంలో అదేమంత వింత కాదు, చైనావాళ్ల ఆడపిల్లలు ఎందరో తెలుగిళ్లలో, తమిళుల ఇళ్లలో, మలాయీల ఇళ్లలో జడలేసుకుని పెరిగారు, ఎవరూ దాచేవారు కాదు. అనకాపల్లి వచ్చాకే వచ్చిపడింది చిక్కంతా. చైనా పిల్లని తెచ్చుకున్నామంటే అత్తగారు గడప తొక్కనివ్వదని భయపడి వీరభద్రం ఆ ముత్తవ్వని పుట్టించాడు. చెబుదాం చెబుదాం అనుకుంటూనే పిల్లకి పెళ్లయిపోయింది. ఆయనా పోయాడు.

"ఆవిడ నన్ను వద్దనుకునే ఇచ్చేసిందా?" అంది శ్రీవిద్య.

అవునని ఒక్క మాట అంటే రాజేశ్వరమ్మ గట్టెక్కేసేది. వద్దనుకుంది, వదిలించుకుంది, నేను తెచ్చుకున్నాను, అంతే. అడ్డుచెప్పడానికి ఎవరున్నారు? ఆ మాట నాలుక చివరి దాకా వచ్చినట్టే ఉంది. పెద్దావిడ సగం మడిచిన చీర మంచం మీద పెట్టేసింది.

"నిండా మునిగాక చలేటి" అంది చివరికి. "మళ్లీ ఇమ్మని అడిగింది. నీకు ఐదో ఏడు. పిల్లని పంపించేసినా వాళ్లాయన పోయాడు. పాపం పిల్లది కాదు, జోస్యం తప్పు, నా బిడ్డని నాకిచ్చెయ్యి రాజీ అని కాళ్లు పట్టుకుంది."

"మరి?"

"ఇవ్వలేదు. తెల్లారకుండానే తోట లారీ ఎక్కేశాం. కర్ర పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చింది ఆ కొట్టు ఆవిడ సియూ. బండి ఆపొద్దని నేనే డ్రైవర్‌తో చెప్పాను."

"అంటే నన్ను ఎత్తుకొచ్చేశారా?"

"అవును" అంది తల్లి.

శ్రీవిద్య ఒక అడుగు వెనక్కి వేసింది. వేయాలని వేయలేదు, పాపం, కాలు దానంతటదే వెళ్లింది. ఆ ఒక్క అడుగు చూసి రాజేశ్వరమ్మ ముఖం తెల్లగా పాలిపోయింది. పుట్టని ముత్తవ్వలూ, కట్టిన కథలూ, ఇన్నేళ్లుగా దేనికి భయపడి ఇవన్నీ చేసిందో అది ఇవాళ ఆ అడుగు రూపంలో ఎదురుగా వచ్చి నిలబడింది.

అప్పుడే రిషిత మెట్ల మీంచి కేకేసింది. టీవీ కట్టేయాలని ఎవరికీ తోచకపోవడంతో ఎపిసోడ్లు ఒకదాని వెనక ఒకటి నడిచిపోతున్నాయి. షాప్ ఆంటీ లారీ వెనక పరిగెడుతోంది, త్వరగా రండి అంటోంది పిల్ల.

ఇద్దరూ దిగి వచ్చారు. శ్రీవిద్య ముందు, నాలుగు మెట్లు వెనకగా రాజేశ్వరమ్మ. తన దొంగతనం మనవరాలి కళ్ల ముందు బొమ్మలు కట్టి ఆడుతుంటే చూడలేక పెద్దావిడ కొంగుతో ముఖం కప్పుకుంది.

టీవీలో కుండపోత వాన. టాపు లేని లారీ. సామాన్ల మధ్య తల్లి ఒళ్లో పిల్ల తడిసి ముద్దవుతోంది. వెనకాల బురదలో జారుతూ, పడుతూ, లేస్తూ చైనా ఆవిడ పరిగెడుతోంది. ఆమె చేతిలో ఉన్నది గొడుగు. ముడిచిన నల్ల గొడుగు. వాన ఆమె నెత్తిన పడుతుంటే విప్పుకోవడం లేదు, లారీ వైపు చాచి అరుస్తోంది. పిల్ల తడుస్తోంది, ఇది పట్టండి, పిల్ల తడుస్తోంది. సైకిల్ మీద వచ్చిన కుర్రాడు ఆ గొడుగు లాక్కుని లారీ వెంట తొక్కాడు. అందలేదు. లారీ మలుపు తిరిగిపోయింది.

రాజేశ్వరమ్మ కొంగు ఎప్పుడు తీసిందో ఎవరూ చూడలేదు.

"కర్ర అనుకున్నానే" అంది. "నేను కర్ర అనుకున్నాను."

అమ్మమ్మా, బండి ఎందుకు స్టాప్ చేయలేదు అని రిషిత అడిగింది. రాజేశ్వరమ్మ శశికాంత్ తెచ్చిన మంచినీళ్లు కూడా వద్దంది. నేల మీద కూలబడి, సియూ, సియూ అని తన ఈడుదాన్ని పిలిచినట్టు పిలుస్తూ గుండెలు బాదుకుంది. శ్రీవిద్య ఫోన్ తీసింది. ఫిర్దౌస్‌కి ఒక్కటే ప్రశ్న పంపింది. గొడుగు నిజమా, మీరు కల్పించారా?

మలేషియాలో అప్పటికి ఆదివారం ఇంకా తెల్లవారలేదు. అయినా మనిషి మేలుకునే ఉన్నట్టున్నాడు, వెంటనే జవాబొచ్చింది. శ్రీవిద్య చదువుకుని, నోటితో తెలుగులో చెప్పింది. గొడుగు నిజమేనట. ఆంటీ సియూ ఇంకా ఆ కొట్లోనే ఉందట. ఈయన ఊరెళ్లినప్పుడల్లా ఆవిడ అడిగేది ఒకటేనట, లారీ వెంట అంత దూరం నువ్వే వెళ్లావు కదా, ఆ రోజు పిల్ల బాగా తడిసిందా అని. ఏం చెప్పాలో తనకి ఎప్పుడూ తెలియలేదట. ఈసారైనా ఏం చెప్పమంటారు అని అడిగాడు.

శ్రీవిద్య ఫోన్ పట్టుకుని తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ఏం రాయమంటావమ్మా?"

"తడవలేదని రాయి" అంది రాజేశ్వరమ్మ. రాయబోతుంటే కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది. "వొద్దొద్దు. అబద్ధాలు చాలు. తడిసిందని రాయి. తడిసి జ్వరం కూడా వచ్చిందని రాయి. తగ్గేదాకా ఒళ్లోంచి దించలేదని రాయి."