రెండొందల యాభై ఐదు దాటితే

మాజ్రి దగ్గరి బొగ్గు గనిలో గాలి, గ్యాస్ లెక్కలు చూసేది ఉజ్వల. లోపల మనుషులతో పని చేయించే సర్దార్ భీమన్న ఆమె తండ్రి. సెల్‌ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు కాబట్టి, చదువుకునే రోజుల నాటి గ్రాఫింగ్ కాలిక్యులేటరే ఆమెకు దిక్కు. లోపలి మీటర్ల అంకెలు కొడితే రెండు గంటల్లో గ్యాస్ ఎంత శాతానికి చేరుతుందో గీత గీసి చూపే ప్రోగ్రాం దానికోసం రాసింది.

మొదట సి అనే కంప్యూటర్ భాషలో రాసింది. గీత రావడానికి పదకొండు సెకన్లు పట్టేది. అంతలో చాయ్ తాగి రావచ్చని ఎవరో నవ్వితే రోషం పొడుచుకొచ్చింది. వారం రోజులు కూర్చుని, యంత్రానికి సూటిగా ఆజ్ఞలిచ్చే అసెంబ్లీ భాషలో మళ్లీ రాసింది. ఈసారి రెప్ప వేసేలోపే గీత వచ్చేసింది.

"అగ ఉజ్వలా, అండ్ల ప్రతి అంకె మెమరీల ఏ గదిల పడుతదో నువ్వే చూస్కోవాలె. సి ల అయితే గంత తిప్పలుండది," అన్నాడు పక్క సీటు నితిన్. ఆమె వింటేగా! పొగరనండి, సరదా అనండి.

ఆ ఉదయం వాన పట్టుకుంది. వానకు గాలి ఒత్తిడి తగ్గితే తవ్వి వదిలేసిన పాత గుంటల్లోని గ్యాస్ బయటికి వస్తుంది. భీమన్న గని లోపలుండే తీగ ఫోన్ నుంచి అంకెలు చెప్పాడు.

"ఏమంటుంది బిడ్డా నీ మిషన్?"

"సున్నా పాయింట్ సున్నా నాలుగు. ఏం గాదు బాపూ, పని చేస్కోండ్రి."

ఫోన్ పెట్టేశాక ఆ అంకెను మళ్లీ చూసింది. వాన పడుతుంటే గ్యాస్ తగ్గడమేమిటి? పాత సి ప్రోగ్రాం తెరిచి అవే అంకెలు కొట్టింది. రెండు పాయింట్ ఆరు! మనుషుల్ని బయటికి రప్పించాల్సిన హద్దుకు రెట్టింపు దాటింది.

తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. అసెంబ్లీలో ఆ అంకెను నూరుతో గుణించి, రెండొందల యాభై ఐదు వరకే పట్టే గదిలో పెట్టింది. రెండొందల అరవై అందులో పట్టక, మళ్లీ సున్నా నుంచి మొదలై నాలుగు దగ్గర ఆగింది.

వెంటనే లోపలికి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది, ఎత్తేవారు లేరు. చివరికి భీమన్నే ఎత్తాడు.

"బాపూ, నా లెక్క తప్పు! అందర్ని తోల్కొని జల్ది పైకి రా!"

భీమన్న అక్కడున్నవాళ్లని పైకి పొమ్మని కేకేశాడు.

"పనోడు వెంకటిని పాత గుంట పంపు కాడికి పంపిన. నువ్వు ఏం గాదంటేనే పంపిన బిడ్డా. మిగిలినోళ్లు వస్తరు. నేను పోయి వాన్ని తీస్కొస్త."

వద్దనేలోపే ఫోన్ పెట్టేశాడు.

మిగతావాళ్లు పైకి వచ్చారు. ఉజ్వల వానలో గని నోటి దగ్గరే నిలబడింది. తండ్రిని తానే చంపుకున్నానని లోలోపల కుమిలిపోయింది. నలభై నిమిషాలకు భీమన్న వచ్చాడు. ఊపిరాడక సొమ్మసిల్లిన వెంకటిని భుజాన వేసుకుని వచ్చాడు. ఇద్దరూ బతికారు. ఉజ్వల ఏడుస్తూనే మేనేజర్ దగ్గరికెళ్లి తప్పు తనదేనని ఒప్పుకుంది.

వారం తర్వాత గని మళ్లీ తెరిచారు. దిగేముందు తండ్రి ఆఫీసుకు వచ్చాడు.

"ఇప్పుడు సి లనే పెట్టిన బాపూ. నితిన్ గూడ చూసిండు," అంది ఉజ్వల.

"మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు భీమన్న. ఆ ఉదయం రాసి పెట్టిన మీటర్ల అంకెలు ఒక్కొక్కటే చదవమని ఆమెకు చెప్పి, జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద తానే లెక్క కట్టడం మొదలుపెట్టాడు.