అడుగుల పెట్టె

"ఇంట్లో కూర్చునే మనిషికి అడుగులు లెక్కపెట్టే మిషనెందుకే? సున్నా చూపిస్తుంది," అని రామమూర్తి చారన్నం కలుపుకుంటూ నవ్వాడు.

అన్నపూర్ణ నెయ్యి గిన్నె కోసం వంటింట్లోకి వెళ్ళింది. తెచ్చి పెట్టింది. అప్పడాలు మరిచిపోయింది, మళ్ళీ వెళ్ళింది. లోపలి గదిలోంచి అత్తగారు జానకమ్మ పిలిస్తే అటు వెళ్ళి దిండు సర్ది, నాలుగు గుక్కల నీళ్ళు తాగించి వచ్చింది. కుచ్చిళ్ళ పక్కన నడుముకి తగిలించుకున్న పెట్టె, అగ్గిపెట్టెంత ఉంటుంది, ఎండిన కాయలో గింజ కదిలినట్టు టిక్కు టిక్కుమంటోంది. దాని అద్దం మీద ఆసుపత్రివాళ్ళు కాగితం అంటించేశారు. ఎన్ని అడుగులయ్యాయో పెట్టుకున్నవాళ్ళకి తెలియకూడదట. తెలిస్తే ఎక్కువ నడుస్తారట. ఆ మాట విన్నప్పుడు అన్నపూర్ణకి నవ్వొచ్చింది. ఇంకా ఎక్కువ ఎక్కడ నడుస్తుంది?

ఢిల్లీ మయూర్ విహార్‌లో వాళ్ళది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. రోడ్డు మీద మెట్రో స్తంభాలు వరసగా లేస్తున్నాయి, ఇంకో ఏడాదికి రైలొస్తుందంటున్నారు. ఆ మట్టంతా ఇంట్లోకే వస్తోంది. పనిమనిషి రెండు నెలల కిందట మానేసింది. "ఉన్నది ముగ్గురం. ఎంత పనుంటుంది?" అన్నాడు రామమూర్తి. ఆయన పనిచేసేది సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో. పొద్దున ఎనిమిదింటికి చార్టర్డ్ బస్సెక్కితే సాయంత్రం ఏడింటికి దిగుతాడు. ఏడింటికి ఇల్లు ఎలా ఉంటుందో, రోజంతా అలాగే ఉంటుందని ఆయన నమ్మకం.

కుడి మోకాలు ఆరేళ్ళుగా నొప్పి. ఈ ఏడు ఎడమదీ మొదలైంది. పొద్దున లేవగానే మంచం పట్టీ పట్టుకుని కాసేపు నిలబడితేగాని కాలు మాట వినదు. ఎక్స్‌రే చూసిన సర్జను, అరిగిపోయింది, కీలు మార్చాల్సిందే అన్నాడు. మామూలు వరసలో అయితే రెండేళ్ళు పడుతుందట. అయితే ఆ ఆసుపత్రిలోనే ఒక పరిశోధన మొదలవుతోంది. మోకీలు మార్చాక వ్యాయామం ఇంట్లో చేయిస్తే మంచిదా, ఆసుపత్రిలో చేయిస్తే మంచిదా అని చూస్తారు. అరవై మందిని తీసుకుంటారు. వాళ్ళకి నెలలోపే ఆపరేషను. తీసుకునే ముందు నొప్పి ఎంతో, ఏ పని కష్టమో ఒక కాగితంలో రాసివ్వాలి. వారం రోజులు పెట్టె కట్టుకోవాలి.

ఆ కాగితం అన్నపూర్ణ పేరు మీద వచ్చింది. రామమూర్తి నింపాడు. ఇంట్లో ఏ కాగితమొచ్చినా ఆయనే నింపుతాడు. భోజనాల బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లీషు ప్రశ్నలు లోలోపల చదువుకుంటూ టిక్కులు పెట్టుకుపోయాడు. అన్నపూర్ణ పక్కన నిలబడింది, అడుగుతాడేమోనని.

"కింద కూర్చుని లేవడం... రోజూ లేస్తూనే ఉంటావుగా. నో ప్రాబ్లం. మెట్లెక్కడం... ఎక్కుతావు. ఇంట్లో బరువు పని... అలాంటిదేం లేదు మనకి. నొప్పి సున్నా నుంచి పది వరకు... మూడు."

"మూడా అండీ?"

"మరీ సున్నా వేస్తే తీసుకోరే. నేను ఆలోచించే రాస్తున్నా."

చివరి ప్రశ్న, నొప్పి వల్ల మీరు మానేసిన పనులేమిటి అని. 'నిల్' అని రాసి కింద గీత గీశాడు. అన్నపూర్ణ వెళ్ళి పొయ్యి కట్టేసింది.

వారం కట్టుకున్న పెట్టె తిరిగిచ్చాక ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పరిశోధన పనులు చూసే అమ్మాయి వైశాలి. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

"అంకుల్, ఆంటీ పెట్టెలో నంబర్ కొంచెం అజీబ్‌గా, వింతగా ఉంది. మీరు ఫారంలో శ్రమ లేదు అని రాశారు కదా. పెట్టె వేరే చెప్తోంది. ఆంటీ అది ఎవరికైనా ఇచ్చారా? పార్కుకి వెళ్తారా?"

"గుమ్మం దాటదమ్మా. నీ మిషనే ఖరాబయింది," అన్నాడు రామమూర్తి.

"ఠీక్ హై, ఇంకో వారం కొత్తది పెడదాం."

"అయితే నాకూ ఒకటివ్వు. నేను రోజూ పొద్దున పార్కులో రెండు రౌండ్లు కొడతా. రెండూ పక్కపక్కన పెడితే తేలిపోద్ది."

ఆ వారం ఆయన బెల్టుకి పెట్టె పెట్టుకుని ప్యాంటు పైకి లాక్కుంటూ తిరిగాడు. ఆఫీసులో అందరికీ చూపించాడు. పార్కులో రెండుకి బదులు మూడు రౌండ్లు కొట్టాడు. వచ్చి కుర్చీలో కూర్చుని, "ఇవాళ బాగా పడ్డాయి. టీ తేవే," అన్నాడు. అన్నపూర్ణ టీ తెచ్చింది. చక్కెర చాలలేదంటే చెంచా తెచ్చింది. పేపరు బాల్కనీలో పడిందంటే వెళ్ళి తెచ్చింది. ఆయన పెట్టె మెదలకుండా ఉంది. ఆమెది టిక్కుమంటూనే ఉంది.

మంగళవారం ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. ఓపీ కౌంటర్లో గుమస్తా, "పతి కా నామ్?" అని అడిగాడు. అన్నపూర్ణ అలవాటుగా పక్కకి చూసింది. రామమూర్తి చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో జానకమ్మ చెప్పింది, మొగుడి పేరు నోటితో అంటే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందని. ఆ భయం ఎప్పుడో పోయింది, అలవాటు మాత్రం నాలిక మీద ఉండిపోయింది. గ్యాసు బుక్ చేసినప్పుడు పేరు చెప్పాల్సొస్తుందని ముప్ఫై ఏళ్ళుగా కనెక్షను నంబరు కంఠతా పెట్టుకుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

వైశాలి రెండు పెట్టెల మీది కాగితాలూ పీకింది. కంప్యూటర్లో చూసింది, మళ్ళీ పెట్టెల్లో చూసింది.

"అంకుల్, మీది రోజుకి నాలుగు వేల రెండొందలు. మీ మూడు రౌండ్లు కలిపి."

"మరి ఆవిడది?"

"తొమ్మిది వేల ఆరొందలు. పోయిన వారం కూడా అంతే. మెషిన్లు రెండూ కరెక్టే."

రామమూర్తి గొంతు సవరించుకున్నాడు. "అదేంటి... రెండు గదుల ఇల్లమ్మా మాది."

అన్నపూర్ణ తన చెప్పుల వంక చూసుకుంది. కుడి చెప్పు లోపలి వైపు అరిగి పలచబడింది. కాలు నొప్పిని తప్పించుకుంటూ ఎటు వాలుతోందో చెప్పు చెబుతోంది. ఇన్నాళ్ళూ ఆ చెప్పుల్ని గుమ్మం దగ్గర దాటుకుంటూ వెళ్ళినవాళ్ళెవరూ చూడలేదు. తనూ చూడలేదు.

"కాగితం మళ్ళీ నింపాలి," అంది వైశాలి. "ఈసారి ఆంటీనే చెప్పాలి. అంకుల్, మీరు బయట కూర్చోండి, ప్లీజ్."

"ఆవిడకి ఇంగ్లీషు రాదు."

"నేను తెలుగులో అడుగుతా. నా తెలుగు ఖరాబే, ఆంటీ అడ్జస్ట్ చేసుకుంటారు."

రామమూర్తి లేచాడు. తలుపు దగ్గర ఆగి, "అడిగినదానికే చెప్పు. ఎక్కువ మాట్లాడకు," అని వెళ్ళాడు.

తలుపు మూసుకుంది. గది చల్లగా ఉంది. తన ఇంటాయన తలుపు బయట కూర్చుని, తను లోపల కుర్చీలో కూర్చోవడం అన్నపూర్ణకి వింతగా తోచింది. అంచు మీద కూర్చుంది, లేవమంటే వెంటనే లేవడానికి వీలుగా.

"నొప్పి ఎంత ఆంటీ? సున్నా అంటే లేదు. పది అంటే ఇంకా ఎక్కువ ఉండదు."

"మూడు," అంది అన్నపూర్ణ.

వైశాలి పెన్ను కాగితం మీద పెట్టలేదు. "అది అంకుల్ మూడా, మీ మూడా?"

అన్నపూర్ణ కాస్త ముందుకి ఒంగింది. "ఎంత చెబితే తీసుకుంటారమ్మా?"

"అది చెప్పకూడదు. రూల్ హై. మీకెంత ఉంటే అంత."

తనకెంత ఉందో తనే చెప్పాలి. ఎవరూ చూసి చెప్పేది కాదు. పొద్దున అయిదింటికి పాలప్యాకెట్లకి మూడంతస్తులు దిగి ఎక్కుతుంది, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి. అత్తగారి మంచం కింద బేసిన్ తీయడానికి ఒంగుతుంది, ఆ బట్టలు బాత్రూంలో పీట వేసుకుని ఉతుకుతుంది. పీట మీంచి లేవడానికి బకెట్ అంచు పట్టుకుంటుంది. మొన్న బకెట్ తిరగబడి పడిపోయింది, తడిబట్టలతోనే లేచి మళ్ళీ నీళ్ళు పట్టింది. మెట్రో మట్టి రోజుకి రెండుసార్లు తుడవాలి. ఆడబిడ్డ కృష్ణకుమారి వచ్చినప్పుడు, "వదిన కుంటుతూ కూడా ఎంత చురుగ్గా చేస్తుందో!" అని మెచ్చుకుంది. మెచ్చుకుంటూ కాళ్ళు చాపుకుని ఇంకో పూరీ అడిగింది. నొప్పి అన్నప్పుడల్లా, "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి?" అంటుంది జానకమ్మ. "పడుకునే ముందు జండూబామ్ రాసుకో," అంటాడు ఆయన. ఆయన పడుకునే ముందు రాసుకోమంటాడు, తను పడుకునేసరికి ఆయన గురక పెడుతుంటాడు. మూడు అని ఎందుకన్నట్టు? ఎనిమిది అంటే ఈ పిల్ల ఏమనుకుంటుందోననా? ఓర్చుకోలేనిదనా? ఓర్చుకోలేకపోవడానికి కూడా సిగ్గుపడాలా?

"ఎనిమిది," అంది. అనేసి తలుపు వైపు చూసింది. తలుపు మూసే ఉంది. "మెట్లు దిగేటప్పుడు తొమ్మిది."

వైశాలి రాసుకుంది. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఒకటొకటిగా అడిగింది. అన్నపూర్ణ చెప్పుకుపోయింది. చెప్తుంటే కుర్చీలో వెనక్కి జరిగింది. వీపు ఆనించింది.

"లాస్ట్ ఒకటి. నొప్పి వల్ల మీరు ఏ పని మానేశారు?"

నిల్ అని రాశాడాయన. అబద్ధం కాదనుకుంది అన్నపూర్ణ. వంట మానలేదు, ఉతుకుడు మానలేదు, తుడుపు మానలేదు. మరేం మానింది?

"చలికాలం మధ్యాహ్నం మేడ మీదికెళ్ళి ఎండలో కూర్చునేదాన్ని, అమ్మా. బఠాణీలు వలుచుకుంటూ. పక్కింటి పంజాబీ ఆవిడా నేనూ. అది మానేసి రెండేళ్ళయింది. ఒక అంతస్తు ఎక్కాలిగా. పొద్దున్నే నేల మీద కూర్చుని తీరిగ్గా ముగ్గేసేదాన్ని. ఇప్పుడు స్టిక్కరు అంటించాను. తెలుగు సంఘంలో పాటలకెళ్ళేదాన్ని..." ఆగింది. తన మాట తనకే అప్పుడు వినబడింది. "మానేసినవన్నీ నావేనమ్మా. వాళ్ళవి ఒక్కటీ మానలేదు. అందుకే ఎవరికీ తెలియలేదు."

వైశాలి ఆ మాట ఉన్నదున్నట్టు, హిందీ లిపిలో తెలుగు రాసుకుంది.

పది రోజులకి కబురొచ్చింది, తీసుకున్నారని. ఆ సాయంత్రం అన్నపూర్ణ పీట మీంచి లేస్తూ నొప్పికి "అమ్మా" అని పైకే అంది. అణుచుకోలేదు. హాల్లో పేపరు చప్పుడు ఆగింది.

ఆపరేషను తేదీ ఇచ్చేరోజు సీలు వేసిన కవరు విప్పారు. వ్యాయామం ఎవరికి ఇంట్లో, ఎవరికి ఆసుపత్రిలో అన్నది ఆ కవరు చెప్పినట్టే. ఆసుపత్రి రావాలని అన్నపూర్ణ ఎవరికీ చెప్పకుండా మొక్కుకుంది. అదొస్తే మూడు వారాలు వార్డులోనే ఉంచుతారు, ఎవరో తెచ్చి ఇచ్చిన టీ తాగొచ్చని.

"ఇల్లు," అంది వైశాలి.

అన్నపూర్ణ టీ అక్కడితో పోయింది. రామమూర్తి మొహం విప్పారింది. "మంచిదే. మా అమ్మకి కూడా ఇబ్బందుండదు."

"అంకుల్, రూల్స్ వినండి. ఆరు వారాలు ఆంటీ కింద కూర్చోకూడదు, బరువు ఎత్తకూడదు, పది నిమిషాలకన్నా ఎక్కువ నిలబడకూడదు. రోజుకి మూడుసార్లు ఎక్సర్‌సైజ్. పక్కన ఒక సహాయకుడు ఉండాలి. ఆ మనిషి రోజూ ఈ చార్టులో సైన్ చేయాలి. పెట్టె ఆంటీకే ఉంటుంది. నంబర్ ఎక్కువైతే సహాయకుణ్ణి అడుగుతాం."

"మా చెల్లెలికి ఫోన్ చేస్తా. కృష్ణకుమారి వస్తుంది."

"ఇంట్లో మనిషే అయి ఉండాలి. వచ్చి వెళ్ళేవాళ్ళు కాదు."

రామమూర్తి ఏదో అనబోయాడు. ఆఫీసు, లీవు, అమ్మ. మాటలు నోటి దాకా వచ్చి ఆగాయి. అన్నపూర్ణకి తెలుసు, ఆయన ఇప్పుడు తన వంక చూస్తాడని, తను "పర్లేదులెండి, నేను చూసుకుంటా" అనాలని. ఆయన చూశాడు. ఆమె అనలేదు. అనకుండా ఉండటం ఇంత తేలికని ఆమెకి తెలియదు. మోకాలి సంగతేమోగాని, వీపు మీది మూటేదో అప్పుడే దించినట్టయింది.

వైశాలి పెన్ను పట్టుకుంది. "సహాయకుడి పేరు? ఆంటీ చెప్పాలి, పేషెంటే చెప్పాలి."

రామమూర్తి అలవాటుగా నోరు తెరిచాడు. అన్నపూర్ణ చెయ్యి కొంచెం ఎత్తింది. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి ఆ పేరు నాలిక మీదికి వచ్చింది. ఏ బరువూ లేదు. బడిలో హాజరు పిలిచినట్టు, స్పష్టంగా, పైకి చెప్పింది.

"రామమూర్తి."

"ఆఁ," అన్నాడాయన, పిలిచారనుకుని.